తాడు చివర చప్పుడు

పోయిన చలికాలం, గోదావరిఖనిలో ఒక కమ్యూనిటీ హాలు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గని వైపు బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఈ ఊళ్లో ఆ వణుకుకు ఎవరూ తల తిప్పరు. కానీ కళ్లకు గంతలు కట్టుకుని, తాడు పట్టుకుని నడుస్తున్న రాజమల్లు ఆగిపోయాడు. తాడు మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి. ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందని నాకు ఆ వేళ్లే చెప్పాయి.

నా పని ఆటలు ఆడించడం. బసంత్‌నగర్ నుంచి పెద్దపల్లి దాకా ఎవరు పిలిచినా వెళ్లి, కలిసి పనిచేసేవాళ్ల మధ్య నమ్మకం పెరిగే చిన్న చిన్న ఆటలు పెడతాను. దీన్నే టీమ్ బిల్డింగ్ అంటారు. ఎక్కడున్నా నా చెవి ఒకటి ఇంటివైపే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మా ఆయనది గనిలో అండర్‌గ్రౌండ్ డ్యూటీ.

ఆ రోజు వచ్చినవాళ్లంతా ఒకే షిఫ్టులో గనిలోకి దిగేవాళ్లు. ఆట పేరు ట్రస్ట్ వాక్. కుర్చీల మధ్య వంకరటింకరగా కట్టిన తాడును పట్టుకుని, గంతలతో అవతలి చివరకు చేరాలి. నడిచేవాడు దారి తప్పితే చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టవచ్చు, మాట్లాడకూడదు.

"పెండ్లి నాడు గిట్లనే కండ్లు మూసుకొని నడిచిన మేడమ్, ఇంక తెరువనే లేదు," అన్నాడు అందరిలో పెద్దవాడైన ఓదెలు.

"ఆగు కాకా, చిన్నమ్మకు ఇప్పుడే ఫోన్ జేస్త," అన్నాడు రాజమల్లు. హాలంతా నవ్వింది. "ముందుగాల నేను పోత," అని అతను లేచేసరికి ఆ నవ్వు పలచబడింది.

ఓదెలు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. కొన్ని నెలల కింద పైకప్పు బండ కూలి రాజమల్లు లోపల ఒక పూటంతా చిక్కుకున్నాడట. కాలు నయమైంది, సోమవారం మళ్లీ దిగాలి. "దిగుతడో లేదో ఆనికే తెల్వది మేడమ్."

నేను వేరే ఆట పెడతానన్నాను.

"వద్దనకుండ్రి మేడమ్," అన్నాడు రాజమల్లు. "ఈడ నడువకుంటే లోపట ఎట్ల నడుస్త?"

సగం దారిలో ఉండగా ఆ బ్లాస్టింగ్. అతను అక్కడే కూలబడి తల మీద చేతులు కప్పుకున్నాడు. మిగతావాళ్లు కదల్లేదు, మాట్లాడలేదు. గనిలో నియమం తప్పితే ప్రాణం పోతుంది, అందుకే నా ఆట నియమాన్ని కూడా వాళ్లు అలాగే పాటించారు. కిటికీలోంచి పడే వెలుతురులో దుమ్ము మెల్లగా తేలుతోంది. హాలంతా నీటి అడుగున ఉన్నట్టుంది.

"మాట్లాడండి, ఎవరైనా!" అని అరిచి, గంతలు విప్పబోయాను.

"ముట్టకుండ్రి," అన్నాడతను. ఆ గొంతు ఎక్కడో లోతులోంచి వచ్చింది.

అప్పుడు ఓదెలు తాడు చివరనున్న ఇనుప స్తంభం దగ్గర కూర్చుని, టిఫిన్ గిన్నె మూతతో మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించి ఆగాడు. మళ్లీ మూడుసార్లు. మళ్లీ ఆగాడు.

చాలాసేపటికి రాజమల్లు చెయ్యి కదిలింది. చేతి కడియంతో పక్కనున్న కుర్చీ కాలు మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

"ఉన్నడు!" అన్నాడు ఓదెలు, కళ్లు తుడుచుకుంటూ.

రాజమల్లు లేచాడు. ఆ చప్పుడు వైపు తాడు పట్టుకుని, నిద్రలో నడుస్తున్నట్టు నెమ్మదిగా నడిచి, స్తంభాన్ని తాకాడు.

ఆట అయ్యాక అందరం కూర్చుని మాట్లాడుకుంటాం, దాన్ని డిబ్రీఫ్ అంటారు. ఏమనిపించిందని రాజమల్లును అడిగాను.

"ఆనాడు గూడ గీ కాకనే పైపు మీద కొట్టిండు మేడమ్. అవుతల మనిషి ఉన్నడని ఎర్కైతే సాలు. సోమవారం కాక షిఫ్టుల్నే దిగుత."

నమ్మకమంటే చెయ్యి పట్టి నడిపించడమని అప్పటిదాకా చెబుతూ వచ్చాను. మనం చేరుకోలేని చోట ఉన్నవాడికి కూడా మన చప్పుడు వినబడాలని ఆ రోజు తెలిసింది. తర్వాత నా ట్రస్ట్ వాక్‌లో ఎవరినీ మౌనంగా ఉండమనలేదు.

ఆ రాత్రి మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. చీకటంటే భయపడే మా పాప దీపం ఆర్పనివ్వలేదు. తెల్లారి పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, హాల్లో ఓదెలు చేసింది చెప్పాను.

"భయమైతే గోడ మీద మూడుసార్లు కొట్టుండ్రి. ఇవుతల నుంచి నేను కొడుత."

పాప గోడ మీద మూడుసార్లు కొట్టి చూసింది. "మరి లోపట డాడీ కొడితే?"

"ఓదెలు తాత అసొంటోళ్లు ఉన్నరు బిడ్డా," అన్నాను. "డాడీ మళ్లా కొట్టేదాక కొట్టుడు ఆపరు."