నొప్పి లేని మోకాళ్ళు

రాజమండ్రిలో రేడియాలజీ పీజీ చేస్తున్న రోజుల్లో నాకు మనుషులు కనిపించేవారు కాదు, మోకాళ్ళే కనిపించేవి. యాభై దాటిన ఆడవాళ్ళ మోకాళ్ళలో గుజ్జు ఎలా అరుగుతుందో ఎంఆర్‌ఐ తీసి చూడడం నా పరిశోధన. నొప్పి ఉన్నవాళ్ళు కావలసినంతమంది దొరికారు. వాళ్ళతో పోల్చడానికి అదే వయసులో నొప్పి లేనివాళ్ళు కావాలి. అలాంటి మనిషి గోదావరి జిల్లాల్లో పుట్టలేదేమోనని నాకు అనుమానం వచ్చేసింది. వాళ్ళు దొరక్కపోతే థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే పరీక్ష లేదు అని మా ప్రొఫెసర్ గారు తేల్చేశారు.

ఫోన్‌లో అమ్మ దగ్గర ఏడ్చాను.

"ఓస్, అంతేనా! మన వీధిలోవాళ్ళని నేను తీసుకొస్తాను. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంది.

ఒంటిమీద ఇనుము, బంగారం ఏదీ ఉండకూడదని చెప్పి ఫోన్ పెట్టేశాక అసలు చిక్కు తట్టింది. మంగళసూత్రాలు తియ్యమంటే ఎవరొస్తారు?

ఆదివారం స్కానింగ్ సెంటర్ మాకోసం ఖాళీగా ఉంచారు. రావులపాలెం బస్సు దిగి అమ్మా, ఆమె దండూ వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. అమ్మ సంచిలోంచి పసుపుకొమ్ములు, పసుపు రాసిన దారాలు తీసింది. ఒకరి మెడలో ఒకరు కొమ్ము కట్టుకుని, ఆ తర్వాతే సూత్రాలు తీసి రుమాళ్ళలో మూటకట్టారు. ఇక పిన్నీసులు మొదలయ్యాయి. జాకెట్లలోంచి, గాజుల్లోంచి గుప్పెళ్ళకొద్దీ రాలాయి. పక్కింటి పిన్నిగారి మెట్టె రానంటే కొబ్బరినూనె తెప్పించాం.

టెక్నీషియన్ తలుపు తీసి నోరు తెరిచాడు. "ఇక్కడేమైనా పెళ్ళిళ్ళు జరుగుతున్నాయా అండీ?"

"అక్షింతలు తేవడం మర్చిపోయాం బాబూ," అంది అమ్మ.

అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. లోపల కదిలితే బొమ్మ చెడిపోతుందని కసురుతూనే నేనూ నవ్వాను. పిన్నిగారు మిషన్‌లోంచి బయటికొచ్చి, "లోపల రైసుమిల్లు పెట్టారేంటమ్మాయ్!" అంది. మళ్ళీ నవ్వులు.

చివర అమ్మ వంతు. కంప్యూటర్ మీద ఆమె మోకాలు చూసి ఎగిరి గంతేశాను. గుజ్జు దాదాపు లేదు. నొప్పే లేని మనిషికి ఇంత అరుగుదలా! ప్రొఫెసర్ గారి ముఖం తలుచుకుని గదిలో గిరగిరా తిరిగాను. ఈ సంగతి అమ్మకి చెప్పకుండా ఉండలేక బయటికి పరిగెత్తాను.

మిగతావాళ్ళు అప్పటికే టిఫిన్‌కి వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే మెట్లు దిగుతోంది. గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి. ఆ దిగడం నాకు బాగా తెలుసు. స్కానింగ్‌కి వచ్చిన నొప్పి ఉన్నవాళ్ళంతా ఆ మెట్లు అలాగే దిగేవారు.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఏంటి?"

"మోకాళ్ళ నొప్పి."

కుచ్చిళ్ళు సర్దుకుంది. "రెండు మూడేళ్ళయిందేమో. ఉందంటే నన్ను తీసుకోవుగా. నీ పరీక్ష పోతుందని..."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ ఆగలేదు. "నొప్పి లేనివాళ్ళలోంచి నిన్ను తీసేస్తున్నాను. ఇంకెవరో ఒకరు దొరుకుతార్లే."

అమ్మ ముఖం చిన్నబోయింది. "అంతసేపు కదలకుండా పడుకున్నానే!" కాస్త ఆలోచించి, "పోనీ, ఉన్నవాళ్ళలో వేసుకోవే. అక్కడైతే ఓర్చుకోనక్కర్లేదు," అంది.

అని గోడ వదిలేసి, నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నామీదే మోపి మిగిలిన మెట్లు దిగింది.