వంపు హ్యాండిలు సైకిలూ, ఎర్ర గీతా

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. మా అమ్మ ఈ మాట పదిమందిలో చెప్పి నవ్వేది. నేను సైకిలు కొన్నది ఒంటికి మంచిదనో, ఆటో ఖర్చు కలిసొస్తుందనో కాదు. ఒక మనిషి మీద కసి తీర్చుకోవడానికి కొన్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మాది తాడేపల్లిగూడెం. బడి మాత్రం ఏలూరుకి పద్నాలుగు కిలోమీటర్ల అవతల, కొల్లేటి ఒడ్డునున్న ఒక ఊళ్ళో. బడిలో ఇద్దరమే, నేనూ, హెడ్మాస్టరు గారూ. ఏలూరులో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని, రోజూ షేర్ ఆటోలో వెళ్ళొచ్చేదాన్ని. రెండేళ్ళు ప్రొబేషను. ఆ తర్వాత హెడ్మాస్టరు మంచి రిపోర్టు రాస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ రిపోర్టు కాగితంలో 'సమయపాలన' అని ఒక గడి ఉంటుంది. నాన్న పోయాక ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే. మా ఇంటి బతుకంతా ఆ గడిలో ఇరుక్కుని కూర్చుంది.

షేర్ ఆటో నిండితే గానీ కదలదు. వెనక సీట్లో నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, డ్రైవరుకి అటొకరూ ఇటొకరూ, పైన ఖాళీ చేపల ట్రేలు. నేను ఏడున్నరకే వెళ్ళి కూర్చున్నా ఎనిమిదిన్నర దాకా అది స్టాండులోనే ఉండేది. హెడ్మాస్టరు గారిదీ ఏలూరే. ఆయనకి మోటారు సైకిలుంది. సరిగ్గా ఎనిమిదుంబావుకి ఆటోస్టాండు ముందునించి వెళ్ళేవారు. నన్ను చూసి బండి నెమ్మది చేసేవారు.

"బయల్దేరారా అండీ? రండి, రండి" అని నవ్వి, గేరు మార్చుకుని వెళ్ళిపోయేవారు.

తొమ్మిది అయ్యీ అవగానే హాజరు పట్టీలో తన సంతకం కింద ఎర్ర పెన్నుతో ఒక గీత గీసేవారు. ఆ గీత కింద సంతకం పెడితే ఆలస్యంగా వచ్చినట్టు. మూడుసార్లు పెడితే ఒక సెలవు పోయినట్టు. నేను చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చేసరికి పట్టీ బల్ల మీద తెరిచి పెట్టి ఉండేది.

"తొమ్మిదీ నాలుగయిందండీ. ఏమీ అనుకోకండేం. ఇదిగో, గీత కింద పెట్టండమ్మా."

గట్టిగా తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకి తిరిగి ఒక్క మాట అనడానికి ఉండేది కాదు. లోపల మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

ఒకరోజు ఆటో టైరు పేలింది. రెండు కిలోమీటర్లు నడిచి, చెప్పు తెగి, పది దాటాక బడికి చేరాను. పిల్లలందరూ వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన సుద్దముక్క పక్కన పెట్టి, "పిల్లలూ, టీచర్ గారు వచ్చారు. చప్పట్లు కొట్టండి" అన్నారు. పిల్లలకేం తెలుసు పాపం, నిజంగానే సంతోషంగా కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చప్పట్ల మధ్యలో తెగిన చెప్పు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళి, గీత కింద సంతకం పెడుతూ ఒకటే అనుకున్నాను. ఉండండి మాష్టారూ. మీ గీత కింద మీ చేత సంతకం పెట్టించకపోతే నన్నడగండి.

ఆ నెల జీతం రాగానే ఏలూరులో కాలువ పక్కనున్న సైకిళ్ళ షాపుకి వెళ్ళాను. షాపాయన పెద్దమనిషి. పద్నాలుగు కిలోమీటర్లు పోవాలీ రావాలీ అంటే రెండు సైకిళ్ళు బయటికి తీయించాడు. రెండూ సన్న టైర్లవే, రెండింటికీ గేర్లున్నాయి. అంతకంటే తక్కువలో గేర్ల సైకిలు రాదన్నాడు. ఒకటి ఎర్రది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. మడ్‌గార్డులు లేవు, కేరియర్ లేదు, చివరికి స్టాండు కూడా లేదు. రెండోది నీలం. హ్యాండిలు తిన్నగా ఉంది. మడ్‌గార్డులూ, కేరియరూ, స్టాండూ, గంటా అన్నీ ఉన్నాయి.

"ఏవండీ టీచర్ గారూ, నా మాట విని నీలంది తీసుకోండి. పుస్తకాలు వెనక పెట్టుకోవచ్చు, వర్షంలో బట్టలు పాడవ్వవు. ఆ ఎర్రదాన్ని ఆపితే గోడకి ఆనించుకోవాలండీ. అది కాలేజీ కుర్రాళ్ళ సరదా అండీ."

రెండూ కాలువ గట్టు మీద తొక్కి చూశాను. నీలం సైకిలు మీద కూర్చుంటే కుర్చీలో కూర్చున్నట్టుంది. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగి కబుర్లు చెప్పొచ్చు. ఎర్రదాని మీద నడుం వంచి కూర్చోవాలి, అరిచేతులు నొప్పి పుడతాయి, రోడ్డు మీద ప్రతి రాయీ ఒంట్లో తెలుస్తుంది. కానీ తొక్కితే అది ఆగడం లేదు. కొల్లేటి రోడ్డు మీద ఎదురుగాలి ఎలా కొడుతుందో ఆటోలోంచి రోజూ చూసేదాన్నే. ఎర్రదాని మీద వంగితే గాలి నా వీపు మీంచి పోతుంది. నీలంది ఎక్కితే సరాసరి గుండెలకే తగులుతుంది. ఆ తర్వాత రెండింటినీ ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తి చూశాను.

"సైకిలు తొక్కి చూస్తారు గానీ, ఎత్తి చూసినవాళ్ళని మిమ్మల్నే చూశానండీ" అన్నాడు షాపాయన.

"నా గది మేడ మీదండీ. రోజూ మెట్లెక్కించాలి" అన్నాను. ఎర్రది సగం బరువుంది. ఇంక ఒకటే అడిగాను. "ఏది ముందు చేరుతుందండీ?"

"ముందు చేరడమంటే ఎర్రదేనండీ. కానీ..."

"కానీ ఏమీ వద్దండీ. ఎర్రది ఇచ్చెయ్యండి" అన్నాను. దానితోపాటు ఒక చిన్న చేతి పంపూ, పంక్చరు సామానూ అంటగట్టాడు. సన్న టైర్లు కదా, దగ్గర ఉండాలన్నాడు.

ఆ ఆదివారం అమ్మ గూడెం నుంచి వచ్చింది. చర్చి అయ్యాక పాస్టరు గారి చేత సైకిలు మీద ప్రార్థన చేయించింది. ఆయన హ్యాండిలు మీద చెయ్యి పెట్టి, నన్ను క్షేమంగా తీసుకెళ్ళి తీసుకురమ్మని దేవుణ్ణి అడిగారు. నేను పక్కన కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆయన కంటే ముందు చేర్చు చాలు అనుకున్నాను. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాను.

సోమవారం ఏడింటికల్లా బయల్దేరాను. ఎనిమిదింటికి బడి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. బడి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళడానికి లేదు. ఎనిమిదీ నలభైకి ఆయన వచ్చి, నన్ను చూసి, బండి స్టాండు వెయ్యబోయి ఆగిపోయారు.

"బయల్దేరారా అండీ? రండి, రండి" అన్నాను.

ఆ రోజునించి నా పేరు గీత కిందికి పోలేదు. కానీ ఆయన కూడా పోలేదు. అదీ నా ఏడుపు. ఆయన ఎవరిచేతైనా తాళంచెవులు పంపి ఆలస్యంగా వస్తే, పట్టీ తీసి గీత గీయాల్సింది నేనే. కానీ ఆ మనిషి జ్వరమొచ్చినా వచ్చేస్తారు. పైగా ఏదో ఒకటి అంటూనే ఉండేవారు. పంజాబీ డ్రెస్సులో వస్తే, "బళ్ళో చీరయితే నిండుగా ఉంటుందండీ" అన్నారు. అప్పటినించి చీర సంచిలో పెట్టుకుని, సామాన్ల గదిలో కట్టుకునేదాన్ని. తొలకరి వానకి మడ్‌గార్డు లేని టైరు నా వీపు మీద మెడ దాకా బురద చార వేసింది. పిల్లలు కిసకిసా నవ్వారు. "మడ్‌గార్డు ఉన్నది తీసుకోవాల్సిందండీ" అన్నారాయన.

రెండో ఏడు మొదట్లో ఆయనకి షుగరు వచ్చింది. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడట. ఒకరోజు చూద్దును కదా, మాష్టారు నీలం సైకిలు మీద దిగారు. అదే షాపు, అదే తిన్నని హ్యాండిలు, కేరియరు మీద టిఫిను డబ్బా. షాపాయన నాతో తర్వాత చెప్పాడు. ఆయన కూడా లోపలికొచ్చి ఒకటే అడిగారట, ఆ టీచరమ్మ తీసుకున్నదాని కంటే మంచిది ఏదండీ అని.

ఇంక చూడండి మా తమాషా. ఆ రోడ్డు మీద రోజూ ఇద్దరం. నేను ఏడుంబావుకి బయల్దేరితే ఆయన ఏడింటికి. నేను ఏడింటికి వస్తే ఆయన అప్పటికే వంతెన మీద. గాలి లేని రోజు ఆయన ముందు చేరేవారు, గాలి కొట్టిన రోజు నేను. దాటిపోయేటప్పుడు ఇద్దరం "నమస్కారమండీ" అనుకునేవాళ్ళం. ఆ దండాల్లో ఎంత విషముందో మా ఇద్దరికే తెలుసు. రానురాను ఒంటికి అలవాటైపోయి, ఇద్దరం ఆలస్యంగా లేచినా చేరిపోతామన్న ధీమా వచ్చింది. ఎనిమిది దాటాక బయల్దేరడం మొదలుపెట్టాం.

నా ప్రొబేషను ఇంకో పది రోజుల్లో పూర్తవుతుందనగా జరిగింది అసలు సంగతి. మా దారిలో రెండు పక్కలా చేపల చెరువులే. దొంగచాటుగా ఎవరూ వల వెయ్యకుండా చెరువుల్లో తుమ్మ కంప పడేస్తారు. వల వేస్తే ముళ్ళకి చిక్కుకుని చిరిగిపోతుంది. ఆ పొద్దున ఎవరిదో ట్రాక్టరు ఆ కంప వేసుకుని వెళ్ళినట్టుంది. కల్వర్టు దగ్గర రోడ్డంతా, వంద అడుగుల మేర, ముళ్ళు రాలి ఉన్నాయి. ఆయన ముందు, నేను కొంచెం వెనక. ఆయన బ్రేకు పట్టి ముళ్ళని చూశారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఒక్కరే ఉంటే దిగేవారే. నన్ను చూశాక దిగబుద్ధి కాలేదు. అంచునించి పోనిచ్చారు.

రెండు టైర్లూ ఉస్సుమన్నాయి.

నేను దిగి, సైకిలు భుజాన వేసుకుని, చూసుకుంటూ అడుగులేసి ముళ్ళు దాటేశాను. ఆయన సైకిలు బరువుకి అలా ఎత్తడానికి వీల్లేదు. తోసుకుంటూ ఇవతలికొచ్చి నిలబడ్డారు. టైము ఎనిమిదీ నలభై. బడి ఇంకా నాలుగు కిలోమీటర్లు. ఆయన చెమట తుడుచుకుని జేబులోంచి తాళంచెవులు తీశారు.

"టీచర్ గారూ, పిల్లలు ఎండలో నిలబడతారండీ. మీరెళ్ళి బడి తియ్యండి."

నా సంచిలో పంపుంది. పంక్చరు సామానుంది. పావుగంట పని. నేను తాళంచెవులు తీసుకుని, "అలాగేనండీ" అని ఎక్కి తొక్కేశాను. నా జన్మలో అంత తేలిగ్గా ఎప్పుడూ తొక్కలేదు.

బడి తీసి, బీరువా తెరిచాను. హాజరు పట్టీ కోసం చెయ్యి పెడితే దాని మీద ఒక కాగితం ఉంది. నా రిపోర్టు. ఆయన గుండ్రటి చేతిరాత, కింద సంతకం, నాలుగు రోజుల కిందటి తేదీ. 'సమయపాలన' గడిలో ఇలా రాసి ఉంది: చాలా బాగుంది. సొంత శ్రమతో లోపం దిద్దుకున్నారు. ఖాయం చెయ్యడానికి సిఫారసు చేస్తున్నాను.

కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివాను. అమ్మకి ఎప్పుడు చెప్తానా అనిపించింది. మంచి మనిషైతే ఇక్కడ పట్టీ మూసేసి ఊరుకునేది. నేను ఆ కాగితం పక్కన పెట్టి, పట్టీలో నా సంతకం పెట్టి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదవగానే స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గీత గీశాను.

తొమ్మిదీ ముప్పై అయిదుకి ఆయన సైకిలు తోసుకుంటూ గేటులోకి వచ్చారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పిల్లలు వరండాలో ఎక్కాలు చదువుతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"పిల్లలూ, మాష్టారు గారు వచ్చారు. చప్పట్లు కొట్టండి."

కొట్టారు. ఆయన గేటు దగ్గరే ఆగిపోయి నన్ను చూశారు. ఆయనకి గుర్తొచ్చింది. ఆ ముఖంలో గుర్తు రావడం నేను కళ్ళారా చూశాను. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దాని కోసమే. నా కడుపు చల్లబడింది.

లోపలికొచ్చి పట్టీ చూసుకుని, గీత కింద సంతకం పెట్టి, పక్కన టైము వేశారు. ఆయన ఎప్పుడూ నా చేత టైము వేయించలేదు.

"తిన్నగా గీశారండీ. స్కేలు పెట్టారా?"

"అవునండీ."

పెన్నుకి మూత పెట్టారు. తర్వాత చాలా మెల్లగా, "మీ సంచిలో పంపుంటుంది కదండీ. రోజూ చూస్తుంటానుగా" అన్నారు.

తెలుసన్నమాట. ఆ కల్వర్టు దగ్గర నా సంచి వంక చూస్తూనే తాళంచెవులు చేతిలో పెట్టారన్నమాట. అడగలేదు. ఆటోస్టాండులో కూర్చుని నేను కూడా బండెక్కించుకోమని ఆయన్ని ఏనాడూ అడగలేదు. నాకు ముఖం వేడెక్కింది. అయినా తల దించలేదు.

సాయంత్రం బడి వదిలాక సంచిలోంచి పంపూ, పంక్చరు సామానూ తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"తీసుకోండి మాష్టారూ. రేపు తొమ్మిదికల్లా రావాలి కదండీ" అన్నాను.