వీధి గదిలో లైటు

మా ఆయన లైటు ఆర్పకుండా వీధి తలుపు తీస్తాడు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ క్షణంలో నా గుండె గుబేలుమంటుంది. చేతిలో ఏ పనున్నా వదిలేసి పరుగున వెళ్ళి స్విచ్చి ఆర్పేస్తాను. వాకిట్లో నిలబడ్డ పాలాయనో, ఎదురింటావిడో చీకట్లో బిత్తరపోయి "కరెంటు పోయిందా?" అని అడుగుతారు. "లేదు, మా ఇంటావిడ వచ్చింది" అని నవ్వుతాడు మా ఆయన. ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టుకున్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. లైటంటే ఆయనకు వెలుతురు, అంతే.

నేను పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లెలో. ఊళ్ళో రెండు పార్టీలు. రాష్ట్రంలో ఎన్ని జెండాలు మారినా మా ఊళ్ళో ఆ రెండే. జెండాలే వచ్చి వీటిలో ఏదో ఒకదానికి తగులుకునేవి. ఒక పార్టీకి మా నాయన పెద్ద. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఊరి ఎన్నికల రోజు బడి దగ్గర గొడవైంది. అవతలి పార్టీ మనిషి ఒకడికి నాటుబాంబు పడి చెయ్యి పోయింది. వేసింది నాయన కాదు. వేయించింది మాత్రం ఆయనేనని అవతలివాళ్ళు నమ్మారు. నిజమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన బతికున్నన్నాళ్ళూ అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆ గొడవైన మర్నాటినుంచి మా ఇంట్లో లైట్ల పద్ధతి మారిపోయింది. తలుపు తీసే ముందు లోపలి లైటు ఆర్పాలి. బల్బుకూ కిటికీకీ మధ్య ఎవరూ నడవకూడదు. మిద్దె మీది గవాక్షంలోంచి వెలుతురు పైకి పోకుండా రేకు కప్పారు. అన్నాలు పొద్దుండగానే తినేయాలి. పొద్దుగూకితే మేమున్న గదుల్లో చీకటి, వంటింట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. వాకిట్లో పెద్ద బల్బు తెల్లవార్లూ వెలుగుతూనే ఉండేది. లోపల మేము గోడలు తడుముకుంటూ తిరిగేవాళ్ళం. నెల తిరిగేసరికి ఏ మూల ఏ బిందె ఉందో కాళ్ళకే తెలిసిపోయింది. అవ్వ అయితే చీకట్లోనే బియ్యంలో రాళ్ళు ఏరేది. ఏరానని ఆమె అనేది, తినేటప్పుడు మా పళ్ళకు తెలిసేది.

కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది. మా ఇంట్లో ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, ఒకరు మిద్దెక్కి అవతలి వీధివైపు చూసేవాళ్ళు. ఆ వీధి కూడా చీకటిగా ఉంటే అది మామూలు కోత, అందరం కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. అక్కడ వెలుగుతూ మాకు మాత్రమే పోయిందంటే, ఎవరో ఫ్యూజు పీకారని. అప్పుడు అమ్మ మమ్మల్ని ధాన్యం గాదె వెనక్కి తోసేసి మూతికి వేలు అడ్డం పెట్టుకునేది. అలా రెండుసార్లు కూర్చున్నాం. రెండుసార్లూ ఫ్యూజు మామూలుగానే కాలిపోయిందని తర్వాత తేలింది. తేలేదాకా నా తమ్ముడు తడుపుకున్న లాగూతో నా ఒడిలోనే ఉన్నాడు.

ఇప్పుడు మా సేద్యగాడి సంగతి చెప్పాలి. నాయన దగ్గర జీతానికుండి పొలం పనంతా చూసుకునేవాడు. చక్రాయపేట వైపునుంచి పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి మా ఊరి చివర గుడిసె వేసుకున్నాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఎత్తుగా, కాస్త ముందుకు వంగినట్టు నడిచేవాడు. అచ్చం మా నాయన నడకే. రాత్రిపూట ఎద్దులకు కాపలాగా గాడిపాట్లో పడుకునేవాడు. గొడవైన వారానికి నాయన అతన్ని పిలిచి, ఇకమీదట వీధి గదిలో పడుకోమన్నాడు. ఆ గది అంతకుముందు నాయనది. నవారు మంచం అక్కడే ఉంచారు. నాయన తన పాత తెల్లచొక్కాలు రెండు అతనికిచ్చాడు. ఇల్లంతా చీకటి చేసుకున్నవాళ్ళం, ఆ ఒక్క గదిలో మాత్రం అరవై క్యాండిళ్ళ బల్బు వేసి ఉంచేవాళ్ళం.

ఎందుకో నాకు తోచలేదు. పద్నాలుగేళ్ళ పిల్లను, నాకు పరీక్షల గోల. కిరసనాయిలు బుడ్డి దగ్గర లెక్కలు చేసి చేసి కళ్ళు మండేవి. ఒకరోజు పొద్దుగూకాక పుస్తకాలు తీసుకుని వీధి గదిలోకి పోయాను. అన్న మంచం మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. "రా పాపా, ఈడ వెలుతురు శానా బాగుండాది" అని మంచం దిగి, నన్ను కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చున్నాడు. కిటికీ నా వీపు వెనకే ఉంది. పావుగంట కూడా కాలేదు. నాయన లోపలి తలుపు తీసుకుని వచ్చి, నా జడ పట్టుకుని మంచం మీదనుంచి ఈడ్చాడు. పుస్తకం ఒక మూలకు పోయింది. నా జన్మలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చీకటి గదిలోకి తెచ్చి పడేసి చెంప మీద కొట్టాడు.

"ఇంగొకసారి ఆ లైటు కింద కనపడినావంటే కాళ్ళిరగ్గొడతా" అన్నాడు. వెనక్కి పోయి వీధి గది తలుపుకు గడియ పెట్టాడు.

"అన్న పడుకుంటాండాడు గదా నాయనా ఆడ?" అన్నాను ఏడుస్తూ.

ఆ చీకట్లో నాయన ఉన్నాడు, అమ్మ ఉంది, అవ్వ ఉంది. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నొక్కిన తీరులోనే ఇంకేమీ అడగొద్దని ఉంది.

నేనూ అడగలేదు. అయినా నాలుగు రోజుల తర్వాత సమాధానం దానంతటదే దొరికింది. సాయంత్రం పిండి మిషను నుంచి వస్తుంటే, మసక చీకట్లో మా వీధి గది కిటికీలో ఒక ఆకారం కనబడింది. కాస్త ముందుకు వంగిన భుజాలు, తెల్లచొక్కా. "నాయనా, తలుపు తీ" అని వీధిలోనుంచే అరిచాను. కిటికీలోంచి అన్న తొంగిచూసి, "నేను పాపా, మీ నాయన గాదు" అని నవ్వాడు. పిండి డబ్బా చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కన్నకూతురికే తేడా తెలియకపోతే, ఎదురు మిద్దె మీదినుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది? ఆ లైటు, ఆ మంచం, ఆ చొక్కా ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది.

అన్నకు చెప్పాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గాడిపాట్లో అతను పేడ తీస్తుంటే దగ్గరికి పోయి నిలబడ్డాను. "ఏంది పాపా, ఎద్దులకు చిట్టు పెడతావా?" అని గంప చేతికిచ్చాడు. ఎద్దులకు ఆ తవుడు పెట్టి ఇంట్లోకి వచ్చేశాను. చెబితే అతను ఆ గదిలో పడుకోడు. అతను పడుకోకపోతే ఆ లైటు కింద ఎవరుంటారు? లైటే లేకపోతే వాళ్ళు నాయన ఉన్న గది వెతుక్కుంటారు. ఇంత లెక్కా నేను ఆ రెండు నిమిషాల్లో వేశాను. పరీక్షలో ఎప్పుడూ అంత తొందరగా లెక్క తేల్చలేదు. చిన్నపిల్లను, నాకేం తెలుసని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు అన్నీ తెలుసు. తెలిసే మా నాయనను ఎంచుకున్నాను.

ఒక చిన్న పని మాత్రం చేసేదాన్ని. రాత్రిళ్ళు నీళ్ళు తాగే నెపంతో లేచి, మా వైపు గోడకున్న ఆ గది స్విచ్చి ఆర్పేసేదాన్ని. మళ్ళీ పడుకునేలోపల అవ్వ లేచి వేసేది. తన చోటికి పోయి ముసుగు తన్నేది. అలా ఎన్నోసార్లు జరిగింది. మేమిద్దరం దాని గురించి ఒక్కమాట అనుకోలేదు.

ఏడాదిన్నర గడిచాక పెద్దలు కూర్చుని రాజీ చేశారు. ఆ గది మీద ఎవరూ రాయి కూడా వేయలేదు. అన్న మాత్రం వాళ్ళ నాన్నకు బాగాలేదని పెళ్ళాం పిల్లలతో సొంతూరికి వెళ్ళిపోయాడు. నాయన తర్వాత ఇరవై ఏళ్ళు బతికి, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చక్కెర జబ్బుతో పోయాడు. "ఏమీ జరగలేదు గదా, ఇంకా ఎందుకు తవ్వుకుంటావు?" అంటాడు మా ఆయన. నిజమే, ఏమీ జరగలేదు. అన్న ఆ గదిలో ప్రతి రాత్రీ పడుకుని లేచాడు, అంతే జరిగింది. జరగకపోవడంలో మా మంచితనం రవ్వంత లేదు గదా అన్నదే నా బాధ.

మొన్న శ్రావణ శనివారం గండి గుడికి పోయాను. అన్నవాళ్ళ ఊరు అక్కడికి దూరం కాదని విన్నాను. స్వామి దర్శనం చేసుకుంటూ కూడా అదే ఆలోచన. కాళ్ళు పట్టుకుని చెప్పేయాలి, తిడితే తిట్టించుకోవాలి అనుకున్నాను. వేంపల్లెలో షేరింగు ఆటో ఎక్కి, దారి అడుగుతూ మధ్యాహ్నానికి వాళ్ళింటికి చేరాను.

అన్న ముసలివాడైపోయాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే లేవబోయి, మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు. "మారాజు కూతురు వచ్చినాది, సూడుమే" అని పెళ్ళాన్ని కేకేశాడు. ఆమె సజ్జరొట్టె పెట్టింది, చెరువుచేప కూర ఉందంటే శనివారమని నేనే వద్దన్నాను. చుట్టుపక్కలవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు అన్న నా గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"వీళ్ళ నాయన యెట్లాంటోడు అనుకుంటివప్పా! జీతగాళ్ళను ఎవురైనా గడప తొక్కనిస్తాండిరా ఆ కాలంలో? ఎద్దుల కాడ పండుకునేటోన్ని నన్ను పిల్చి, తన గది ఇచ్చె. తన మంచమిచ్చె. వాళ్ళందరూ సీకట్లో కూర్చుండి నాకు మాత్రం ఇంత బలుబు ఏసి పెడ్తాండిరి. రాత్రి నాకు బయమయితాదని! తన సొక్కాలు గూడా ఇచ్చినాడు. అవి ఏసుకొని కిటికీ కాడ నిలబడితే ఈ పాపే నన్ను సూసి నాయనా అని పిల్చె, తెలుసునా?"

అందరూ నవ్వారు. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. అతని పెళ్ళాం నీళ్ళ చెంబు నా చేతిలో పెట్టి, "తాగు పాపా, ఆటోకు టైమయితాంది, నేను రోడ్డుదాకా వస్తా" అంది. ఆటోల కోసం టైము చూసే ఊరు కాదది. అయినా లేచాను.

రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడ్డాక ఆమె అంది.

"ఆ లైటు ఎందుకేసినారో నాకు మొదటి దినమే తెలుసు పాపా."

"మరి ఎందుకూరకుండినావక్కా?" అన్నాను.

"ఊరకుండక యాడికి పోదుము? మీ ఇంట్లో ఆ గది వద్దని మేమంటే ఊళ్ళో మీ పార్టీ వాళ్ళు పనియ్యరు. అవతలోళ్ళు మీ మనిసులమని అసలే ఇయ్యరు. రోజూ పొద్దుగూకుతానే పిల్లోళ్ళను పండబెట్టి, గుడిసె ముందర కూర్చుండి మీ ఇంటి దిక్కు సూస్తాంటి. తెల్లారినాక మా ఆయప్ప పేడగంప ఎత్తుకొని పోతా కనబడితే, అప్పుడు లేసి పొయ్యి ముట్టిస్తాంటి. ఏడాదిన్నర."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. "అన్నకు చెప్పి క్షమించమని అడగాలని వచ్చినానక్కా" అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, కొంగు సర్దుకోవడానికన్నట్టు తీసుకుంది. ఆ మాట అనేశాక నాకే తెలిసింది, నేను వచ్చింది నా బరువు దించుకోవడానికని. దాన్ని తీసుకుపోయి మళ్ళీ అతని మీదే పెట్టబోయాను.

వేంపల్లె ఆటో దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఆమె చెయ్యెత్తి ఆపింది. నేను ఎక్కి కూర్చున్నాక లోపలికి వంగి, పక్కవాళ్ళకు వినబడకుండా అంది.

"చెప్పొద్దు పాపా. తనను మనిసిగా సూసిన ఇల్లు ఒకటుండాదని ఆయప్ప అనుకుంటాండాడు. అది గూడా తీసేసుకుంటారా మీరు?"