ఉదయం ఎనిమిది గంటల రీడింగ్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవిలో, నన్ను విజయవాడ ఆఫీసు నుంచి గోబర్ గ్యాస్ ప్లాంట్ల పర్యవేక్షణకు వేశారు. హోదా డిప్యూటీ ఇంజినీరు. చేతికిచ్చింది ఒక అట్టపెట్టెడు చవక సెన్సర్లు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఏ ప్లాంటు పనిచేస్తోందో, ఏది మూలపడిందో తేల్చి జాబితా ఇవ్వాలి. పనిచేస్తున్న వాటికే తుప్పు పట్టిన డ్రమ్ము తీసి కొత్తది వేస్తారు.

ఈ రకం ప్లాంటులో పేడనీళ్ల గొయ్యి మీద ఇనప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. గ్యాస్ చేరినకొద్దీ లేస్తుంది, వాడినకొద్దీ దిగుతుంది. డ్రమ్ముకు పైన చట్రం కట్టించి, దూరం కొలిచే సెన్సర్ బిగించాను. అది డ్రమ్ము ఎత్తును నా ఫోనుకు పంపుతుంది. బ్యాటరీ ఆదా అవుతుందని రోజుకొక్క రీడింగే పెట్టాను, అదీ ఉదయం ఎనిమిదికి. ఆ టైముకు నేను కాఫీ తాగుతూ ఉంటాను. అంతకు మించి శాస్త్రీయమైన కారణం లేదు.

నెల తిరిగేసరికి గ్రాఫులు రంగుల్లో ప్రింటు తీయించి, ఆఫీసు గోడకు అంటించుకుని మురిసిపోయాను. మొదటి స్థానం ఒక బట్టల వ్యాపారి ఇంటి ప్లాంటుది. డ్రమ్ము రోజూ నిండుగా ఉంది. ఆఖరిది రెండు గేదెలున్న సలోమి గారిది. ఏ రోజు చూసినా డ్రమ్ము అడుగునే. ‘ఉత్పత్తి లేదు’ అని రాసి, సంతకం పెట్టి, జాబితా పై అధికారికి పంపేశాను.

కొత్త డ్రమ్ములు వచ్చాక, సెన్సర్ విప్పుకోవడానికి సలోమి గారింటికి వెళ్లాను. వాకిట్లో గిన్నెలు పట్టుకుని జనం. ఆవిడ ఇడ్లీలు అమ్మి ఇల్లు నడుపుతున్నారని అప్పుడే తెలిసింది. ఐదింటికి పొయ్యి వెలిగిస్తే ఎనిమిదికల్లా గ్యాస్ అయిపోతుందట. సాయంత్రానికి డ్రమ్ము మళ్లీ లేస్తుందట. నేను ఫోను తీసి గ్రాఫు చూపించబోయాను. ఆవిడ దానికేసి చూడలేదు.

“డ్రమ్ము దిగిందంటే వంటైనట్టండి. ఎప్పుడూ లేచే ఉందంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలిగించట్లేదన్నమాట. మమ్మల్నడిగితే చెప్పేవాళ్లం కదండీ.”

అక్కడి నుంచి నేరుగా వ్యాపారి ఇంటికి వెళ్లాను. వంటింట్లో సిలిండరు ఉంది. గొయ్యిలో పేడ వేయిస్తున్నది కొబ్బరి మొక్కల ఎరువు కోసమట. వాడేవాళ్లు లేక గ్యాసు డ్రమ్ము అంచుల కింద నుంచి బుడగలు బుడగలుగా పోతోంది. డ్రమ్ము మాత్రం కొత్తది, మెరుస్తోంది. నా సంతకం చలవే. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, నేను ఆ పిల్లకు సెన్సర్ కూడా తగిలించాను.

నా తనిఖీలో పొరపాటు జరిగిందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప జాబితా మారదని పై అధికారి అన్నారు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. సిగ్గు వేసింది, అంతే. సలోమి గారికి కొత్త డ్రమ్ము రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా వానల్లో పాత డ్రమ్ముకు చిల్లు పడి సలోమి గారు కట్టెల పొయ్యికి మారారు. కొత్తది బిగించిన రోజు నాకు ఇడ్లీ పెట్టి, పక్కకు తిరిగి చాలాసేపు దగ్గారు.

రీడింగ్ ఏ టైముకు తీస్తున్నామో, ఆ టైముకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ముందు అడగాలని నేర్చుకున్నాను. తప్పు చేసినందుకు నాకు మెమో కూడా రాలేదు. ఆ నాలుగు నెలలూ పొగ పీల్చింది సలోమి గారు.