వసారాలో కూచున్న ఆడిట్ అక్క

పొద్దున హిందూపురం నుంచి ఫోనొచ్చింది, మా ఆడిట్ అక్క పోయిందంట. మడుస్తాండే చీర చేతిలో అట్లే ఉండిపోయింది.

ఆమె ఎవరో చెప్పాల గదా మీకు. ధర్మవరంలో మాలాంటి చిన్న అంగళ్లు ఇప్పుడు ఫోన్లోనే చీరలమ్ముతాండాయి. పెద్ద కంపెనీ మా సరుకు తీసుకోవాలంటే, కస్టమర్ల నంబర్లు, మా డిజైన్లు బయటికి పోకుండా పెట్టుకున్నామా లేదా అని ముందు తనిఖీ చేస్తాది. దానికి మమ్మల్ని తయారు చేసేదే అక్క పని. పెనుకొండ మీదుగా రైల్లో వస్తాండె, ఒక సంచిలో లాప్‌టాప్, ఇంకో సంచిలో మా పిల్లోళ్లకి బొరుగులు.

వచ్చిన రోజే అడిగింది, "ఏమప్పా, బోర్డు మీద పేరు నీది. ఫోన్లో ఆర్డర్లు తీసేదెవరు?"

"మా ఆడామె."

"అయితే ఆమెను పిలువు. నీతో నాకేం పని?"

నా పెండ్లాం నిజం చెప్పేసింది. పాస్‌వర్డ్ మా కులదేవత పేరే, వీధిలో అన్ని అంగళ్లకీ అదే. అక్క పడీపడీ నవ్వింది. "అమ్మను కాపలా పెట్టి, తాళంచెవి వీధంతా పంచినారా వదినా!"

అంతకుముందు వచ్చినోళ్లు ఓనర్లకి చెప్పి పోయినారు. అక్క ఆడోళ్లందరినీ కూసోబెట్టి నేర్పింది. "మెసేజ్‌లో ఎవరు ఏమడిగినా మీరే తిరిగి ఫోన్ చేయండి, గొంతు విన్నాకే పంపండి."

తనిఖీ రోజు జరిగింది నాకిప్పటికీ మింగుడుపడదు. మేం ఓట్లేసి గెలిపించుకున్న మా అంగళ్ల సంఘం ప్రెసిడెంటు, "పెద్దోళ్లొస్తాండారు, ఆడమనిషి మాట్లాడితే ఏం బాగుంటాది" అని జవాబులు చెప్పే కుర్చీలో తన అల్లుణ్ని కూసోబెట్టినాడు. అక్క బయట వసారాలో కిటికీ పక్కన కూచుని, లోపలి ప్రశ్నలు వింటా ఒక్కో జవాబూ అల్లుడి ఫోన్‌కి పంపింది. పాసైనాం. శాలువా అల్లుడికి కప్పినారు. నా పెండ్లాం గొడవకి పోతాంటే అక్కే ఆపింది, "మీ వీధికి ఆర్డరొచ్చింది గదా, చాల్లే వదినా." నవ్వుతానే రైలెక్కింది. మళ్లా ధర్మవరం రాలా.

సాయంత్రం ప్రెసిడెంటు మెసేజ్ పెట్టినాడు. "మన సంఘం ఆడబిడ్డకి ఫ్లెక్సీ వేస్తాండాం, ఫోటో పంపప్పా."

మన సంఘం ఆడబిడ్డంట! నా ఒళ్లు మండిపోయింది. నా పెండ్లాం ఫోన్ లాక్కుని, అక్క చెప్పినట్టే తిరిగి ఫోన్ చేసింది. "మెసేజ్ పెట్టింది మీరేనా మామా?"

"నేనేలేమ్మా. ఆ తనిఖీ నాడు నువ్వు తీసిన ఫోటో ఉండాదంట గదా మీ దగ్గర. వసారా కనపడకుండా మొగం వరకూ కత్తిరించి పంపు."

ఆమె ఏమీ కత్తిరియ్యలా. ఉన్నదున్నట్టే పంపింది. కిటికీ లోపల కుర్చీలో అల్లుడు ఫోన్ చూసుకుంటాండాడు. బయట వసారాలో నేల మీద మా అక్క, ఒళ్లో లాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ గ్లాసు.