అగర్‌బత్తి పొగ చూపిన దారి

నా చిన్నప్పుడు మా గోదావరిఖనిల ఇంటింటికీ బొగ్గుల పొయ్యే. పొద్దుగాల పొయ్యిని వాకిట్ల పెట్టి అంటిస్తుండె. పొగంతా పోయి బొగ్గు ఎర్రగయినంక లోపలికి తెచ్చుకునేది. నిన్ననే నా డిగ్రీ రిజల్ట్ వచ్చింది. పాసైన! మా ఖాన్‌దాన్ల డిగ్రీ నాదే మొదలు, అదీ యాభై దాటినంక. సంతోషంల కూసుంటే ఆ పొగనే యాదికొచ్చింది.

అప్పుడు నేను ఏడో తరగతి. మా తమ్మునికి దగ్గు. పొద్దుగాల లేస్తే చాలు, ఊపిరి అందనట్టు దగ్గుతుండె. దవాఖానల పొగకు దూరం పెట్టుమన్నరు. అమ్మకు పక్కింటామె మీద కోపమొచ్చింది. ఆమెను మేము ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచేది.

"నీ పొయ్యి పొగతోనే నా కొడుకు గిట్లయితుండు" అన్నది అమ్మ.

"నా పొయ్యిల పొగ వస్తే, నీ పొయ్యిల అత్తరు వస్తదా అక్కా?" అన్నది ఖాలా.

ఇగ ఇద్దరికీ మాటల్లేవు. ఖాలా బిడ్డ నా దోస్తు. ఆమెతోని బడికి పోవద్దని నాకూ చెప్పింది అమ్మ.

మా సైన్స్ టీచర్ ఏ పాఠం చెప్పినా, "ఇది మీ గల్లీల యాడుంది?" అని అడిగేది. గాలి పాఠం నాడు నేను లేచి, తప్పంతా ఖాలాదే అని చెప్పిన. టీచర్ అదే క్లాసుల ఉన్న ఖాలా బిడ్డను గూడ లేపింది. "అయితే ఇద్దరు కలిసి మీ గల్లీ కట్టి చూపియ్యున్రి" అన్నది.

మూతులు ముడుచుకొనే కట్టినం. అట్ట మీద అగ్గిపెట్టెల ఇండ్లు, మా వాకిలి పక్కన మట్టితోని గోడ, పొయ్యిలున్న కాడ అగర్‌బత్తి ముక్కలు. పొద్దుగాల గాలి ఎటు కొడుతుందో దండేనికి దారం కట్టి, వారం దినాలు చూసి రాసుకున్నం. క్లాసుల టీచర్ అదే దిక్కు నుంచి మెల్లగ విసనకర్ర విసిరింది.

ఖాలా పొయ్యి పొగ రోడ్డు దిక్కు పోయింది. మా పొయ్యి పొగ గోడకు తాకి, మళ్లొచ్చి, మా కిటికీలనే దూరింది. తమ్ముడు పండుకునేది ఆ కిటికీ కిందనే.

"మీ పొగకు మీ ఇల్లే నచ్చిందే!" అని వెనక బెంచోడు నవ్విండు. నా మొఖం మాడింది.

"అమ్మకు ఎట్ల చెప్పాలె, టీచర్?" అని అడిగిన.

"చెప్పకు. చూపియ్యి" అన్నది.

ఆ అట్టను ఇంటికి తెచ్చి అమ్మ ముంగట పెట్టిన. అమ్మ అగర్‌బత్తులు మూడుసార్లు అంటించి చూసింది. మూడోసారి విసనకర్ర తానే పట్టింది. తెల్లారి పొయ్యిని మోసుకొని గోడ దాటింది.

"గీడ జాగున్నదా?" అని ఖాలాను అడిగింది.

"నీ అత్తరు నాకు గూడ జరంత ఇస్తనంటే, ఉన్నది" అన్నది ఖాలా. ఇద్దరు నవ్విన్రు. ఆ నవ్వు ఇనంగనే నేను దోస్తు చెయ్యి పట్టుకున్న. తమ్ముని దగ్గు ఒక్కసారే పోలే గని, తగ్గుకుంట వచ్చింది.

నిన్న రిజల్ట్ చూసి మొదటి ఫోన్ ఆ దోస్తుకే చేసిన. "ఏందే, పరీక్షల గూడ అగర్‌బత్తి అంటించినవా?" అన్నది. అంటించినట్టే! ఇప్పటికీ ఎవలి మీదనన్న కోపమొస్తే, ముందుగాల గాలి ఎటున్నదో చూస్త. ఆ చూసుడు మా పొయ్యి కాడికెల్లే మొదలువెడుత.