రంద లోపలి గుర్తు

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి గుండెల మీద బరువులా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కోరుట్ల. తాత వడ్రంగి. చెక్కను నున్నగా చేసే రందలకు ఆయన పెట్టింది పేరు. జగిత్యాల, మెట్‌పల్లి పనివాళ్లు ఆయన పేరు చెక్కిన పాత రంద దొరికితే ఇప్పటికీ వదలరు. నాకేమో పాత రందలు చూసి అవి ఏ కాలానివో, ఎవరు చేశారో చెప్పడం పిచ్చి. ముందువైపు ఉన్న పేరును నమ్మకూడదని అందరికీ చెప్పేవాణ్ణి. అది కొనుక్కున్నవాడిదో, దుకాణందారుదో కావచ్చు. చేసినవాడి చేయి లోపల, బ్లేడు ఆనే చోట తెలుస్తుంది. మా ఇంటి రందల విషయంలో మాత్రం ఆ మాట ఎందుకు గుర్తు రాలేదు?

ఒక మధ్యాహ్నం చందుర్తి నుంచి రాజవ్వ వచ్చింది. కూలికి పోయే మనిషి. పాతబట్టలో చుట్టి తెచ్చిన రంద నా ముందు పెట్టింది.

"మా నాయిన మల్లయ్య మీ తాత దుకాణంల పని చేసేటోడు సారు. నా చిన్నప్పుడే సచ్చిపోయిండు. గిది ఆయినే చేసిండని మా అవ్వ చెప్పేది. జర చూసి చెప్పుండ్రి."

దాని మీద ఏ పేరూ లేదు. చీల ఊడగొట్టి బ్లేడు తీశాను. లోపల, చెక్క మీద సన్నగా గీసిన వేపాకు. ఇన్నాళ్లూ అది తాత గుర్తేననుకున్నాను. తాత పేరున్న ప్రతి రందలోనూ సరిగ్గా అక్కడే ఆ వేపాకు ఉంది. పనివాడు మల్లయ్య పోయాక తాత మళ్లీ రంద చేయలేదని నాన్న ఒకసారి అన్నాడు. దుఃఖంతో మానేశాడనుకున్నాను. అది కాదు, రందలు చేసిన చేయే పోయింది.

ఉన్న నిజం చెబితే చాలు. ఎందుకు చెప్పలేదు? తాత పరువు కోసమా, ఆ పేరు చెప్పుకుని నేను సంపాదించిన మర్యాద కోసమా, లేక ఒక కూలివాడి పనితనంతో మా ఇల్లు ఇంతకాలం గొప్పగా బతికిందని ఒప్పుకోవడానికి మనసు రాకనా?

"గిది బయట కొన్నదవ్వా. మీ నాయిన చేసింది కాదు" అన్నాను.

ఆమె రందను నిమురుతూ కూర్చుంది.

"నా బిడ్డకు దాని తాత చేసిండని చెప్పుకుంట అచ్చిన సారు. గదంత అబద్ధమేనన్నట్టు" అంది. బట్టలో చుట్టుకుని వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు ధైర్యం చేసి చందుర్తి వెళ్లాను. రాజవ్వ చనిపోయింది. సిరిసిల్లలో మరమగ్గాల పనికి వెళ్లే ఆమె బిడ్డ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కోరుట్ల నుంచి వచ్చానని చెప్పి, రంద ఎక్కడుందని అడిగాను.

"మీ కాడికెళ్లి అచ్చిన నాడే అమ్మ దాన్ని పొయ్యిల పెట్టింది సారు. తాత ముచ్చట మల్ల తియ్యలే. మీరేం పని మీద అచ్చిండ్రు?"

"ఏం లేదు బిడ్డా. ఇటు పనుండి వచ్చిన."

అది రెండో అబద్ధం. నిజం చెప్పడానికే అంత దూరం వెళ్లినవాణ్ణి.

రాజవ్వను ఇక క్షమాపణ అడగలేను. ఆమె బిడ్డ ముందు నిలబడే ధైర్యం ఇవాళ్టికీ లేదు. ఇక్కడైనా రాస్తున్నాను. మా తాత పేరున్న రందలు మా తాత చేయలేదు. మల్లయ్య చేశాడు.

రాశాక మనసు కాస్త తేలికపడింది. ఆ తేలికకు కూడా సిగ్గుగా ఉంది.